శీతకాలపు హిమాలయంలో మంచు వాలును అంచనా వేయడం ఎలా

నెల్లూరు, ఒంగోలు నుంచి శీతకాలంలో హిమాలయ శిఖరాలకు బయలుదేరేవారు చలి దుస్తుల గురించి ఎంతో శ్రద్ధగా విచారిస్తారు గానీ, తాము నడవబోయే వాలు ఎన్ని డిగ్రీలో అడిగేవారు అరుదు. నిజానికి మొదట తెలుసుకోవలసింది అదే, ఎందుకంటే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులలోనే విరిగిపడతాయి.

కోణాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి మంచు అక్కరలేదు. ఉదయగిరి కొండ ఎక్కేటప్పుడు చేతికర్రను వాలు వెంబడి పడుకోబెట్టి, దానిపై ఫోను అంచును ఆనించి, కోణం చూపే యాప్‌లో అంకె చూడండి. చూసే ముందు మీ అంచనాను తోటివారికి చెప్పండి. కన్ను కుదిరేదాకా ఈ సాధన మానవద్దు. హిమాలయాలకు వెళ్లాక మీరున్న చోటు చదునుగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, పైనున్న నిటారు వాలు జారితే ఆ మంచంతా కిందికే వస్తుంది.

వాలు తరువాత చూడవలసింది పొరలు. చలి తీవ్రంగా ఉండి మంచు పలుచగా ఉన్నచోట నేల దగ్గర ఒకదానికొకటి అతుక్కోని పెద్ద పలుకులు ఏర్పడతాయి. గుప్పెట్లో పట్టి నొక్కినా అవి ముద్ద కట్టవు. ఆ పలుకులపై గాలి తెచ్చి పేర్చిన గట్టి పొర ఉంటే ఒక్క మనిషి బరువుకే పలకలా విరిగి జారవచ్చు. ప్రమాదాలలో చాలావాటికి ఆ చరియను కదిలించినవారు చిక్కుకున్నవారో, వారి తోటివారో కావడం గమనించదగినది. కాలి కింద ధబ్‌మని మంచు కుంగినా, అడుగు దగ్గర మొదలైన పగులు ముందుకు పరుగెత్తినా, పక్క వాలులో తాజాగా చరియ జారిన ఆనవాలు కనిపించినా వెంటనే వెనుదిరగాలి. ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి కొత్త మంచు పడితే నిటారు వాలుల జోలికి వెళ్లకూడదు.

డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్‌ఈ సంస్థ మంచు చరియల హెచ్చరికలను 5 స్థాయిలలో ఇస్తుంది. కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికల్లాగే అంకె పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. అయితే 3వ స్థాయిని మధ్యస్థమని తేలికగా తీసుకోవద్దు, ఆ స్థాయిలోనే చాలామంది ప్రాణాలు పోయాయి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద చరియల్లో చిక్కుకున్నది శిక్షణలో ఉన్న పర్వతారోహకుల బృందమే, 25 మందికి పైగా మరణించారు.

అనుమానమున్న వాలును తప్పక దాటవలసి వస్తే ఒక్కొక్కరుగా దాటండి, మిగిలినవారు సురక్షితమైన చోట నిలబడి చూస్తుండాలి. మంచులో కూరుకుపోయినవారిని పదిహేను నిమిషాలలోపు తవ్వితీస్తేనే బతికే అవకాశం ఎక్కువ గనుక, ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. బయలుదేరే ముందు అందరి బీకన్లూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి, ఫోన్లను వాటికి దూరంగా వేరే జేబులో పెట్టుకోండి.