చిప్ లైట్ వెలిగింది, పొలంలో దిగాలి: వియత్నాం హ్యూయీ సిబ్బంది పద్ధతి

నేను టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ దగ్గర హెలికాప్టర్ మెకానిక్‌ని. వియత్నాం యుద్ధంలో ఎగిరిన బెల్ కంపెనీ హ్యూయీ హెలికాప్టర్లు తయారైంది ఈ చుట్టుపక్కలే. ఆ యుద్ధంలో క్రూ చీఫ్‌లుగా, అంటే హెలికాప్టర్‌తోనే ఎగురుతూ దాని బాగోగులు చూసే మెకానిక్‌లుగా చేసినవాళ్లే మాకు పని నేర్పారు. ఏరోనాటికల్ చదివే మన పిల్లలు నన్ను ఎప్పుడూ కూలిపోయిన హెలికాప్టర్ల గురించే అడుగుతారు. నాకైతే కూలకుండా దిగినవాటి గురించి చెప్పాలని ఉంటుంది. ఆ యుద్ధంలో సుమారు 12,000 అమెరికన్ హెలికాప్టర్లు పనిచేశాయి. 5,000కు పైగా పోయాయి. పోయినవాటిలో దాదాపు సగం శత్రువు కాల్చినవి కావు, ప్రమాదాల్లో పోయినవి. ఓ చిన్న లైటు వెలగగానే పద్ధతిగా దిగి, చూసుకుని, మళ్లీ లేవడం ఎంత విలువైన విద్యో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫోర్స్‌డ్ ల్యాండింగ్ అంటే ఇంజిన్ ఆగిపోయింది, కింద ఏముంటే దాని మీదే దిగాలి. ప్రికాషనరీ ల్యాండింగ్‌లో, అంటే ముందుజాగ్రత్తగా దిగేటప్పుడు, ఇంజిన్ ఇంకా శక్తి ఇస్తూనే ఉంటుంది. ఆ శక్తి ఉండగానే మంచి చోటు చూసుకుని దిగాలి. "ఇంకో పది నిమిషాల్లో బేస్ వస్తుంది కదా" అని లాగితే ప్రికాషనరీ ల్యాండింగ్ కాస్తా ఫోర్స్‌డ్ ల్యాండింగ్‌గా మారిపోతుంది. మిగతా పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు చిప్ లైటునే తీసుకోండి. గేర్‌బాక్స్ నూనెలో అయస్కాంతం ఉన్న చిన్న ప్లగ్ ఒకటి మునిగి ఉంటుంది. అరిగిన ఇనుప రజను దానికి అంటుకుని రెండు కొసల మధ్య ఖాళీని పూడ్చితే సర్క్యూట్ పూర్తవుతుంది. మాస్టర్ కాషన్ అనే ప్రధాన హెచ్చరిక లైటు వెలుగుతుంది, హెచ్చరిక లైట్లుండే కాషన్ ప్యానెల్‌లో 'చిప్ డిటెక్టర్' అనే గడి వెలుగుతుంది. రజను పిండిలా మెత్తగా ఉన్నా, గేరు పన్ను విరిగి ముక్క పడినా లైటు ఒకలాగే వెలుగుతుంది. తేడా తెలియాలంటే దిగి చూడాల్సిందే.

లైటు వెలగగానే చేతులు కంట్రోల్స్ మీద నుంచి తీయకండి. ఒకరు నడుపుతూనే ఉండాలి, రెండోవారు గేజీలు చూడాలి: ఇంజిన్ ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ శక్తిని పై రోటర్‌కు అందించే గేర్‌బాక్స్) ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్. పైలట్ల సీట్ల మధ్య పెడెస్టల్ మీద ఉన్న చిప్ డిటెక్టర్ స్విచ్ తిప్పితే లోపం ట్రాన్స్‌మిషన్‌లోనా, తోక వైపు గేర్‌బాక్సుల్లోనా తెలుస్తుంది. ఇంజిన్‌కైతే వేరే గడి ఉంది. వెనక కూర్చున్న క్రూ చీఫ్ చెవి ఇక్కడ గేజీ అంత ముఖ్యం. రోజూ అదే మిషన్‌తో ఉండేవాడు కాబట్టి కొత్త శబ్దం వస్తే ముందు అతనికే తెలుస్తుంది. గేజీలన్నీ మామూలుగా ఉండి, శబ్దం, వణుకు లేకపోతే చోటు ఎంచుకోవడానికి కాస్త టైముంది. ప్రెషర్ పడుతున్నా, గరగర వినిపిస్తున్నా వెంటనే దించేయాలి.

చోటు ఎంచుకోవడమే అసలు పని. చిన్న తుపాకుల గుళ్లు తగలకుండా హ్యూయీలు మామూలుగా నేల నుంచి 1,500 అడుగుల పైన వెళ్లేవి. ఆ ఎత్తు నుంచి చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, రేడియో కూడా దూరం వినిపిస్తుంది. కిందికి దిగాక ఆ రెండూ ఉండవు. అందుకే దిగకముందే చెప్పాలి: మ్యాప్‌లో ఎక్కడున్నాం, ఏం లైటు వెలిగింది, ఎంతమంది ఉన్నాం. యూనిట్ ఫ్రీక్వెన్సీలో జవాబు రాకపోతే అత్యవసరానికి 243.0 మెగాహెర్ట్జ్ గార్డ్ ఛానెల్ ఉంది. జతగా వచ్చిన రెండో హెలికాప్టర్ పక్కనే దిగకూడదు. పైన తిరుగుతూ కాపలా కాయాలి.

దగ్గర్లో మనవాళ్ల ఫైర్‌బేస్ (ఫిరంగులున్న సైనిక స్థావరం) ఉంటే అక్కడికే వెళ్లండి. లేకపోతే పొలం చూడాలి. మెకాంగ్ డెల్టాలో వానాకాలం వరి మడి ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన మడిలో స్కిడ్‌లు, అంటే హెలికాప్టర్ నిలబడే రెండు పొడవాటి లోహపు కాళ్లు, దిగబడతాయి. ఒక స్కిడ్ బురదలో ఇరుక్కుని ఉండగా పైకి లాగితే మిషన్ పక్కకు ఒరిగి బోల్తా పడుతుంది. గట్టు మీద ఒక స్కిడ్, మడిలో ఒక స్కిడ్ పెట్టడం ఇంకా ప్రమాదం. ఎండిన మడి దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. ఏనుగు గడ్డి పైనుంచి పచ్చిక మైదానంలా కనిపిస్తుంది కానీ మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది, లోపల మోడులు దాగి ఉంటాయి. అక్కడ కిందికి వంగి చూస్తూ, తోక ఎక్కడుందో చెబుతూ దించాల్సింది క్రూ చీఫ్, తలుపు దగ్గర తుపాకీతో ఉండే గన్నరే. చెట్ల వరుసకు ఆనుకుని దిగకండి. నీడ ఉందని ఆశపడితే ఆ నీడలో ఎవరున్నారో తెలియదు. పొలం మధ్యలో, గాలికి ఎదురుగా దిగితే అన్ని వైపులా కొంత దూరమైనా కనిపిస్తుంది.

దిగాక సిబ్బంది నలుగురూ గేర్‌బాక్స్ చుట్టూ మూగడం మనుషులకు సహజం. అది చేయకూడదు. ఒక్కరే రిపేర్ చూడాలి, మిగతావాళ్లు బయటికి చూడాలి. గన్నర్ ఎం-60 మెషిన్ గన్ విప్పుకుని కొంచెం దూరంగా పొజిషన్ తీసుకోవాలి. ఇంజిన్ ఆపాలా వద్దా అన్నది పైలట్ నిర్ణయం. తిరుగుతున్న తోక రోటర్ పక్కన పని చేయలేం కాబట్టి ఆపక తప్పదు, కానీ బ్యాటరీ బలహీనంగా ఉంటే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. ఆ సంగతి ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

తోక దగ్గర రెండు గేర్‌బాక్సులు ఉంటాయి: ఫిన్ (తోక చివర నిలువుగా లేచే భాగం) మొదట్లో 42 డిగ్రీలది, పైన 90 డిగ్రీలది. ముందు గాజు కిటికీలో నూనె మట్టం చూడండి. తర్వాత ప్లగ్ తీసి, అంటుకున్నది శుభ్రమైన గుడ్డ మీద తుడిచి, వేళ్ల మధ్య రుద్దండి. మెత్తటి బూడిదరంగు పేస్టులా జారిపోతే మామూలు అరుగుదలే, కొత్తగా వేసిన గేర్‌బాక్స్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. వేలికి గుచ్చుకునే పొలుసు, సూది లాంటి ముక్క ఉంటే ఆ మిషన్ ఇక ఎగరకూడదు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. పై ఆఫీసర్ ఎంత తొందరపెట్టినా ఎగరకూడదనే చెప్పాలి.

మెత్తటిదే అయితే ప్లగ్ తుడిచి బిగించి, వదులు కాకుండా సేఫ్టీ వైర్ చుట్టి, స్టార్ట్ చేసి, హోవర్‌లో, అంటే నేలకు కాస్త పైన గాలిలో, కాసేపు నిలబెట్టి చూడండి. లైటు మళ్లీ రాకపోతే నేరుగా బేస్‌కే వెళ్లాలి, అప్పగించిన మిగతా పని పూర్తి చేద్దామని వెళ్లకూడదు. మళ్లీ వస్తే అక్కడే ఆగిపోవాలి.

అన్ని హెచ్చరికలూ ఇంత టెన్షన్‌వి కావు. తలుపు బయట వేలాడే సీటు బెల్ట్ గాలికి హెలికాప్టర్ ఒంటి మీద టపటపా కొట్టుకుంటే అచ్చం తుపాకీ కాల్పుల్లా వినిపిస్తుంది. లోపలికి లాక్కుంటే సరి. హైడ్రాలిక్ ప్రెషర్ లైటు మాత్రం వేరే రకం. కంట్రోల్స్ బరువెక్కుతాయి, చిన్న మడిలో నిలువుగా దించడం కష్టం. చదునైన పొడవాటి చోటు వెతికి, ముందుకు జారుతూ దించాలి.

మిషన్ ఎగరదని తేలితే తుపాకులు, రేడియోల రహస్య కోడ్ పరికరాలు, మ్యాపులు తీసుకుని రెండో హెలికాప్టర్ ఎక్కాలి. మిషన్‌ని తర్వాత చినూక్ అనే పెద్ద రవాణా హెలికాప్టర్ వేలాడదీసి మోసుకెళ్లేది.

బేస్ చేరాక లాగ్‌బుక్‌లో లైటు వెలిగిన సంగతి, దొరికింది మెత్తటి రజనే అయినా, తప్పకుండా రాయాలి. ఎగరకూడని లోపానికి ఎర్ర ఎక్స్, ఎగరడానికి అడ్డురాని లోపానికి ఎర్రటి ఏటవాలు గీత. నూనె శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాలి. అయస్కాంతానికి అంటని కంచు, అల్యూమినియం ఆ పరీక్షలోనే బయటపడతాయి.