నమ్మకమైన రిపేరు షాపును వెతికి పట్టుకోవడం ఎలా?

మిక్సీ ఆగిపోయిందని తీసుకెళ్తే షాపాయన దాన్ని తిరగేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి, “ఏం కాలేదమ్మా, తీసుకెళ్లండి” అని పైసా తీసుకోకుండా పంపించాడనుకోండి. మీరు వెతుకుతున్న మనిషి దొరికినట్టే. ఆ బటన్ ఓవర్‌లోడ్ స్విచ్. జార్‌లో పప్పు ఎక్కువై మోటారు బిగుసుకుంటే, అది కాలిపోకుండా ఈ స్విచ్ పడిపోయి కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఈ సంగతి తెలియని వాళ్లతో “మోటారు కాలింది, పన్నెండు వందలు అవుతుంది” అనడం ఎంతసేపు?

రిపేరులో తిరకాసంతా ఇక్కడే. లోపల ఏం పోయిందో ఆయనకు తెలుస్తుంది, మనకు తెలియదు. అందుకే వస్తువు పాడయ్యాక కంగారుగా షాపు వెతుక్కోవడం కన్నా, తీరిగ్గా ఉన్నప్పుడే ఒకరిని చూసిపెట్టుకోవడం మంచిది.

1. ముందు ఇంట్లోనే ఒకసారి చూడండి

ప్లగ్ వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. మిక్సీ అయితే ఎర్ర బటన్ నొక్కండి. మోటారు శబ్దం వస్తూ బ్లేడు మాత్రం తిరగకపోతే జార్ కింద ఉండే కప్లర్ అరిగి ఉంటుంది, అది చిన్న ఖర్చే. వారంటీ కార్డు కూడా తీయండి. వారంటీలో ఉన్న వస్తువును బయట విప్పిస్తే కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ఫ్రిజ్ మొత్తానికి వారంటీ ఏడాదే అయినా కంప్రెసర్‌కు పదేళ్లు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ సంగతి చూసుకోకుండా కంప్రెసర్ మార్పించుకుంటే వేలల్లో నష్టం.

2. మెషీన్ మీద బతికేవాళ్లను అడగండి

జ్యూస్ బండి ఆయన మిక్సీ పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. టిఫిన్ సెంటర్‌లో గ్రైండర్ ఒక్కపూట ఆగితే ఆ రోజు ఇడ్లీ లేనట్టే. బట్టలు కుట్టేవాళ్లకు మెషీన్, ఇస్త్రీ చేసేవాళ్లకు పెట్టె ఆగితే కూలి పోతుంది. వీళ్లెవరూ పనిరాని మెకానిక్ దగ్గరికి రెండోసారి వెళ్లరు. ఆన్‌లైన్‌లో స్టార్లు చూసేకన్నా “అన్నా, మీ మిక్సీ ఎక్కడ బాగు చేయిస్తావు?” అని అడగడం నయం.

నెట్‌లో కంపెనీ పేరు కొట్టి, పైన కనబడిన కస్టమర్ కేర్ నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి. వాటిలో దొంగ నంబర్లు చాలా ఉంటాయి. ముందుగా పది రూపాయలు పంపమని లింకు ఇచ్చి ఖాతా ఖాళీ చేస్తారు. నంబరు కావాలంటే వారంటీ కార్డు మీదో, వస్తువు మీదో ఉన్నదే వాడండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

3. చిన్న పని ఇచ్చి చూడండి

కొత్త షాపుకు మొదటే టీవీ, ఫ్రిజ్ అప్పగించొద్దు. సీలింగ్ ఫ్యాన్ మంచి పరీక్ష. స్పీడు తగ్గిన ఫ్యాన్‌కు, కర్రతో మెల్లగా తోస్తే గానీ తిరగడం మొదలుపెట్టని ఫ్యాన్‌కు, చాలాసార్లు పోయేది కండెన్సరే, అంటే మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న పార్టు (కెపాసిటర్). ఎక్కువ ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారడ్లది ఉంటుంది. పార్టు ఖరీదు మామూలుగా వంద రూపాయల లోపే. గరగరమని శబ్దం వస్తే బేరింగులు చూడాలి. కాలిన వాసన వస్తే వైండింగ్‌ను, అంటే మోటారులో చుట్టిన తీగను అనుమానించాలి.

ఇవన్నీ తెలిసినా మీరేం చెప్పకండి. “స్లోగా తిరుగుతోంది” అని మాత్రం చెప్పి పక్కన నిలబడండి. పని తెలిసిన మనిషి ముందు చేత్తో తిప్పి వదిలేసి, ఎంతసేపు తిరిగి ఆగుతుందో చూస్తాడు. బేరింగు సంగతి అక్కడే తేలిపోతుంది. తర్వాత విప్పుతాడు, కండెన్సర్ మార్చి చూస్తాడు లేదా మీటరు పెడతాడు. అన్నీ అయ్యాకే రేటు చెబుతాడు. ఫ్యాన్‌ను ముట్టుకోకుండానే “వైండింగ్ పోయింది, ఇచ్చి వెళ్లండి” అన్నారంటే దాన్ని మళ్లీ ఆటో ఎక్కించండి.

4. అడగాల్సినవి అడగండి

“ఏది పోయిందో చూపిస్తారా?” అని మామూలుగా అడిగితే మంచి మెకానిక్ విసుక్కోడు. తీసిన పాత పార్టు ఇవ్వమనండి. రేటు ముందే మాట్లాడుకుని, అంతకు మించితే ఫోన్ చేయమనండి. వైండింగ్ అయితే రాగి తీగా, అల్యూమినియమా అని తప్పకుండా అడగాలి. రాగి ధర ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. కొందరు అల్యూమినియం చుట్టేసి రాగి రేటు తీసుకుంటారు.

ఏసీ దగ్గర ఒక మాట గుర్తుంచుకోండి. అందులోని గ్యాస్ పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు వెతక్కుండా ఏటా ఎండాకాలం గ్యాస్ నింపి వెళ్లే మనిషి మీకు రిపేరు చేయట్లేదు, చందా వసూలు చేస్తున్నాడు.

5. ఫోన్ అయితే ఇంకాస్త జాగ్రత్త

సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ చేసుకోండి. శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంటాయి, కాస్త కొత్త మోడల్ అయితే. అది ఆన్ చేసి ఇస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు అవతలివాళ్లకు కనబడవు. హైదరాబాద్‌లో అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల ఒకే ఫోన్‌కు రెండు మూడు రకాల డిస్‌ప్లేలు, రెండు మూడు రేట్లు చెబుతారు. అది మోసం కాదు. ఏది కంపెనీది, ఏది కాపీ అని అడక్కుండానే విడమరిచి చెబితే ఆయన మంచివాడే. కాపీని ఒరిజినల్ అని అంటగట్టడమే మోసం. అక్కడే కాల్ చేసి, చార్జింగ్ పెట్టి, కెమెరా, స్పీకర్ చూసుకుని కదలండి.

6. మీ వైపు నుంచీ సరిగ్గా ఉండండి

ఫోన్ నీళ్లలో పడితే పడిందనే చెప్పండి. “ఏమీ కాలేదు, ఉన్నట్టుండి ఆగిపోయింది” అంటే ఆయన రెండు గంటలు వేరేచోట వెతుకుతాడు, ఆ కూలి మీ బిల్లులోనే పడుతుంది.

“ఐదు నిమిషాల పనికి రెండు వందలా?” అని బేరమాడేవాళ్లంటే నాకు నచ్చదు. ఐదు నిమిషాల్లో పట్టుకోగలిగాడంటే దాని వెనక ఏళ్ల అనుభవం ఉంది. షాపు అద్దె, కరెంటు బిల్లు, కుర్రాడి జీతం ఆ రెండు వందల్లోంచే రావాలి. లేబర్ గిట్టుబాటు కాకపోతే ఆయన పార్టు మీద పెంచుకుంటాడు, లేదా షాపు మూసి డెలివరీ పనికి పోతాడు. రెండు విధాలా మనకే నష్టం. ఇచ్చిన వస్తువును చెప్పిన రోజున తెచ్చుకోండి. ఏ రిపేరు షాపులోనైనా పై అరలు చూడండి, బాగుచేసినా ఎవరూ తీసుకెళ్లని మిక్సీలే. వాటిలో వేసిన పార్టులన్నీ ఆయన డబ్బే.

7. ఆయన వద్దంటే వినండి

కొన్నిటికి చిన్న షాపులో మందు లేదు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లలో మామూలు ఫ్యాన్లలోలా కండెన్సర్ ఉండదు, మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది చాలావరకు కంపెనీ ఇస్తేనే దొరుకుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ‘రైట్ టు రిపేర్’ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాల కంపెనీలు సర్వీసు, స్పేర్ పార్టుల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. షాపాయన “బోర్డు దొరకదు” అంటే ఒకసారి అందులో చూడండి. కంపెనీ సర్వీసు సెంటరే సరిగా స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే నేనైతే చేయించను. అప్పుడూ వస్తువును ఊరికే పారేయకండి. కాలిన మోటారులోనూ రాగి ఉంటుంది, పాత మిక్సీ జార్లు, స్విచ్‌లు ఇంకొకరి మిక్సీకి పనికొస్తాయి. ఆయన్నే అడిగితే రేటు కట్టి తీసుకుంటాడు, లేదంటే తర్వాతి రిపేరులో తగ్గిస్తాడు.