నాలుగు పాత రాజధానుల పిల్లలతో ఒకే ప్రదర్శన పెట్టాలంటే

నేను జహీరాబాద్‌లో సోషల్ చెబుతాను. మాకు హైదరాబాద్ కన్నా బీదర్ దగ్గర. అయినా మా పిల్లలకు బహమనీలు ఒక మార్కు, కుతుబ్ షాహీలు ఇంకో మార్కు, అంతే. గుల్బర్గా, బీదర్, బీజాపూర్, గోల్కొండ కట్టడాలను కలిపి ఒకే పేరుతో 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారని చెబితే టీచర్లే ఆశ్చర్యపోయారు.

అందుకే ఈ నాలుగు ఊళ్ల బడిపిల్లలతో ఒకే ప్రదర్శన పెడుతున్నాను. మీరూ పెట్టాలంటే, ముందు ఒక్కో ఊళ్లో ఒక టీచర్‌ను పట్టుకోండి. లెటర్ పెడితే ఫైల్లో ఉంటుంది, ఫోన్ చేస్తే పని కదులుతుంది.

తర్వాత ఏ ఊరి కథ ఎవరు చెప్పాలో పంపకం. మొదటి ఏడాది ఎవరి ఊరు వాళ్లకే ఇచ్చి తప్పు చేశాను. బీజాపూర్ పిల్లలు గోల్ గుంబజ్ అన్నారు, మావాళ్లు చార్మినార్ అన్నారు, మధ్యాహ్నానికి అది క్రికెట్ మ్యాచ్ అయిపోయింది. మరుసటి ఏడాది ఊళ్లు మార్చి ఇచ్చాను. పక్క ఊరి కథ చెప్పాలంటే ఆ ఊరివాళ్లను అడగక తప్పదు కదా!

కథను మనుషుల వెంట నడపండి. 1347లో గుల్బర్గాలో నిలదొక్కుకున్న బహమనీ రాజ్యం తర్వాతి శతాబ్దంలో బీదర్‌కు మారింది. ఆ కొలువులో ఎదిగిన యూసుఫ్ ఆదిల్ ఖాన్ బీజాపూర్‌లో, సుల్తాన్ కులీ గోల్కొండలో సొంత వంశాలు నిలిపారు. 1591లో హైదరాబాద్ కట్టించింది కులీ వారసుడే.

వస్తువు ఒక్కటి పెట్టినా చాలు, అది బిద్రీ డబ్బా అయితే మేలు. జింకులో కాస్త రాగి కలిపి పోత పోస్తారు, గాట్లు చెక్కి వెండి పొదుగుతారు. చివర్లో బీదర్ కోట మట్టి, నవాసారం కలిపిన వేడి నీళ్లతో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మెరుస్తుంది. మా ముందు బిద్రీ చేసే కారిగర్ ఒకాయన చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని రుచి చూసి, పనికిరాదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఇంకో మట్టి డబ్బా తెరిచాడు. పిల్లలకు సుల్తానుల పేర్లకన్నా ఇదే గుర్తుంది.

బోర్డులు తెలుగు, కన్నడ, ఉర్దూలలో రాయించండి, అదీ ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలతో. ఫోన్లో అనువాదం చేసి అంటించారో, పరువు పోతుంది.

తేదీ విషయంలో నా మాట వినండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినమే, కానీ గుల్బర్గా ఎండలో పిల్లల్ని నిలబెట్టలేం. నవంబర్ 19 నుంచి 25 వరకు వచ్చే వారసత్వ వారం హాయి. గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖది, పక్కనే ఉన్న కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్రానివి. కాబట్టి అర్జీలు రెండు పెట్టాలి.

బీదర్ దగ్గర అష్టూర్‌లో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా సమాధి లోపల చీకటి. మేం వెళ్లినప్పుడు వాచ్‌మన్ గుమ్మంలో అద్దం పట్టుకుని ఎండను పైకప్పు మీదికి తిప్పాడు, ఎర్ర రంగు, బంగారు రాత ఒక్కసారిగా వెలిగాయి. ఎండ ఉన్న పూటే వెళ్లండి.

గోల్ గుంబజ్ గుమ్మటం కింద ఒక పక్క గుసగుసలాడితే అవతలి పక్కకు వినిపిస్తుంది. అది వినాలంటే మాత్రం పొద్దున్నే తలుపులు తీయగానే పైకెక్కాలి. ఆ తర్వాత దిగే ప్రతి బస్సూ అరుస్తుంది.