ఓడల గ్రీన్ ఇంధనం షేర్లు కొనే ముందు చూసుకోవాల్సినవి

సౌర, పవన విద్యుత్ లాంటి వాటితో తయారుచేసే గ్రీన్ అమ్మోనియా, మిథనాల్ పేరు చెప్పగానే షేర్లు కొనేస్తున్న వాళ్లను చూస్తే నాకు భయంగా ఉంటుంది. ఓడల ఇంధనం మారుతుంది, అందులో నాకు అనుమానం లేదు. ఎప్పుడు, ఎంత మారుతుందన్న దగ్గరే డబ్బు పోతుంది.

2025 అక్టోబర్‌లో లండన్‌లో జరిగింది చూడండి. ఉద్గారాల (ఇంధనం కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల) లక్ష్యం తప్పిన ఓడలు, అదనంగా వదిలిన టన్ను ఉద్గారాలకు 100 డాలర్లు, మరీ ఎక్కువ తప్పితే 380 డాలర్లు కట్టాలనే నిబంధనలు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ముందుకు తుది ఆమోదానికి వచ్చాయి. అమెరికా, సౌదీ అరేబియా గట్టిగా వ్యతిరేకించాయి. 57–49 ఓట్లతో నిర్ణయం ఏడాది వాయిదా పడింది. ఆ నిబంధన వచ్చేసినట్టే లెక్కలు వేసి చూపించే కంపెనీ ఉంటే, అది లేకపోతే లాభం ఎంతో అడగండి.

యూరప్ చట్టాలు మాత్రం అమల్లోనే ఉన్నాయి. అక్కడ ఓడలు 2024 ఉద్గారాల్లో 40 శాతానికి, 2026 నుంచి పూర్తిగా కార్బన్ పర్మిట్లు (ఉద్గారాలు వదలడానికి అనుమతి పత్రాలు) కొనాలి. ఇంకో చట్టం ప్రకారం, వాడే ఇంధనం నుంచి వచ్చే ఉద్గారాల తీవ్రత (ఒక్కో యూనిట్ శక్తికి వచ్చే ఉద్గారాలు) 2025లో 2 శాతం, 2030లో 6 శాతం, 2050కి 80 శాతం తగ్గాలి. చాలామంది ఆ 80 దగ్గరే ఆగిపోతారు. ఇప్పటి 2 శాతం కాస్త బయోడీజిల్ కలిపినా, ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజ వాయువు) వాడినా అందేస్తుంది. గ్రీన్ అమ్మోనియాకి ఈ చట్టం వల్ల రేపే గిరాకీ రాదు. పైగా అమ్మోనియా విషవాయువు, మిథనాల్‌కి మామూలు ఓడ ఇంధనంతో పోలిస్తే రెట్టింపు కంటే పెద్ద ట్యాంకు కావాలి. ఏది నిలుస్తుందో ఇంకా తేలలేదు కాబట్టి ఒక్క ఇంధనం మీదే అంతా పెట్టకండి.

నేను మొదట చూసేది కొనేవాడు ఉన్నాడా అని. స్వీడన్‌లో ఓర్‌స్టెడ్ కంపెనీ గ్రీన్ మిథనాల్ ప్లాంటు కట్టడం మొదలుపెట్టి, గిట్టుబాటు ధరకు దీర్ఘకాలం కొనేవాళ్లు దొరక్క 2024 ఆగస్టులో ఆపేసింది. డెన్మార్క్‌లోని కాసో ప్లాంటు 2025లో మొదలైంది. దాని దగ్గర కొనేవాళ్లలో ఓడల కంపెనీ మెర్స్క్‌తో పాటు బొమ్మల కంపెనీ లెగో, మందుల కంపెనీ నోవో నార్డిస్క్ కూడా ఉన్నాయి. ఓడల గిరాకీ తగ్గినా సరుకు వేరే చోటికి పోతుంది.

అమ్మోనియా, మిథనాల్ తయారీకి హైడ్రోజన్ కావాలి. మన పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్లాంటు వస్తోంది. మన ఊరి దగ్గరదన్న అభిమానంతో కొనకండి. అమ్మోనియా ఎరువుల తయారీకీ కావాలి కాబట్టి, అమ్మోనియా కంపెనీ అయితే ఎరువుల ఫ్యాక్టరీలతో పదేళ్ల ఒప్పందం ఉందా చూడండి. ఎంఓయూ అంటే కొంటామన్న ఆలోచన మాత్రమే, దాన్ని ఆర్డరుగా లెక్కేయకండి.

అప్పు చేసి, ఆప్షన్లలో అసలు వద్దు. అమ్మాయి పెళ్లికో ఫీజులకో దాచిన డబ్బు జోలికి పోకండి. ఐదేళ్లు కదిలించక్కర్లేని మొత్తంలో కొంత మాత్రమే పెట్టండి. లండన్ ఓటింగ్ మళ్లీ ఎప్పుడు జరిగితే ఆ వారంలో కొత్తగా ఏదీ కొనకండి.