శరీరంపై రేడియేషన్ – 4వ పాఠం: తగలడం వేరు, అంటడం వేరు

పోయిన పాఠంలో ఒక ప్రశ్న ఇచ్చాను. ఛాతీ ఎక్స్-రే తీయించుకున్న తల్లి ఇంటికి రాగానే పసిబిడ్డను ఎత్తుకోవచ్చా అని. "ఒకరోజు దూరంగా ఉండాలి" అని చాలామంది రాశారు. అక్కర్లేదు. వెంటనే ఎత్తుకోవచ్చు, పాలివ్వొచ్చు. ఈ భయం వల్ల తల్లులు ఊరికే బాధపడతారు కాబట్టి, ఇవాళ్టి పాఠం ముందు దీనికే.

తగలడం అంటే కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోవడం. మిషన్ ఆపితే కిరణాలుండవు, దీపం ఆర్పాక గదిలో వెలుతురు మిగలనట్టే. ఒంట్లో ఏమైనా మిగిలితే అది గాయమే, కిరణం కాదు. కేన్సర్‌కి బయటి నుంచి కోబాల్ట్ కిరణాలతో వారాల తరబడి చికిత్స తీసుకున్నవాళ్ల సంగతీ ఇంతే. వాళ్లను ముట్టుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు.

అంటడం అంటే రేడియోధార్మిక పదార్థమే బట్టల మీదికో, చర్మం మీదికో, కడుపులోకో చేరడం. అది ఉన్నంతసేపూ కిరణాలు వస్తూనే ఉంటాయి. థైరాయిడ్ చికిత్సకు అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు మింగినవాళ్లు కొన్నాళ్లు పిల్లలకు దూరంగా ఉండాలనేది అందుకే.

1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, వదిలేసిన చికిత్సా యంత్రంలోంచి సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని ఇళ్లకు తీసుకెళ్లారు, ఒంటికి పూసుకున్నారు. ఓ ఆరేళ్ల పాప ఆ చేతులతోనే తిండి తింది. ఆ పాపతో కలిపి నలుగురు చనిపోయారు. పరీక్షల్లో 249 మందికి ఆ పదార్థం అంటినట్టు తేలింది.

ఇలాంటి మనిషి ఎదురైతే నేనైతే ఒక్కటే అడుగుతాను: పదార్థం ఇప్పుడు ఎక్కడుంది? ఒంటిమీదుంటే ముందు బట్టలు విప్పించాలి, చాలా భాగం వాటితోనే పోతుంది. తర్వాత సబ్బు, గోరువెచ్చని నీళ్లు. గట్టిగా రుద్దితే చర్మం గీసుకుపోయి పదార్థం లోపలికి దిగుతుంది.

ఇక గాయం సంగతి. గ్రే అంటే ఒంట్లో దిగిన కిరణాల మోతాదుకు కొలత: కిలో బరువుకు ఒక జౌల్ శక్తి. ఒళ్లంతా ఒకేసారి 4 గ్రేలు తగిలితే, వైద్యం అందని పక్షంలో దాదాపు సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. ఆ శక్తికి ఒంటి వేడి పెరిగేది మాత్రం డిగ్రీలో వెయ్యో వంతే! చంపేది వేడి కాదు. కణంలోని డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగడమే అసలు దెబ్బ. కణాలు నిత్యం విభజన చెందే ఎముక మజ్జ (రక్తకణాలు తయారయ్యే చోటు), పేగు లోపలి పొర ముందు దెబ్బతింటాయి. మొదట వాంతులు అవుతాయి, అవి ఎంత త్వరగా మొదలైతే మోతాదు అంత ఎక్కువ. తర్వాత కొన్నాళ్లు మనిషి కోలుకున్నట్టే కనిపిస్తాడు. ఆ రోజుల్లోనే మజ్జ ఖాళీ అవుతూ ఉంటుంది.

అభ్యాసం: ఒకే అంబులెన్స్‌లో ఇద్దరొచ్చారు. మొదటివాడికి ఒళ్లంతా 3 గ్రేల గామా కిరణాలు తగిలాయి, ఒంటికి ఏమీ అంటలేదు. రెండోవాడి మోచేతికి సీసియం పొడి అంటింది, ఒంటికి అందిన మోతాదు 0.05 గ్రే. ఎవరి ప్రాణం ప్రమాదంలో ఉంది? నర్సు ఎవరి దగ్గర జాగ్రత్తపడాలి? 48 గంటల్లో ఎవరి లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య పడిపోతుంది? ప్రతి జవాబుకూ కారణం రాయండి.