బాయిలర్ డ్రమ్ లెవెల్ అలారం: ప్యానెల్ మీద పెట్టే పద్ధతి

ఒక సంకేతం వచ్చినప్పుడు ఆపరేటర్ చెయ్యాల్సిన పనేదీ లేకపోతే దాన్ని అలారం లిస్టులో పెట్టకండి. పంప్ స్టార్ట్ అయింది, వాల్వ్ తెరుచుకుంది లాంటివి ఈవెంట్లు, వాటి చోటు లాగ్. 1994 జులైలో వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. అందులో అసలైనదేదో వెతకడానికి తీరిక ఎక్కడిది? ఆ తర్వాత వచ్చిన ఈఈఎంయూఏ 191 అనే అలారం వ్యవస్థల గైడ్ లెక్క ప్రకారం, ప్లాంటు నిలకడగా నడుస్తున్నప్పుడు పది నిమిషాలకు సగటున ఒక అలారం మించకూడదు.

సీమెన్స్ ఎస్7-1500 పీఎల్‌సీ (ప్లాంటును నడిపే కంట్రోలర్), టీఐఏ పోర్టల్ సాఫ్ట్‌వేర్‌లో కాన్ఫిగర్ చేసే కంఫర్ట్ ప్యానెల్ (ఆపరేటర్ చూసే స్క్రీన్) ఉన్నాయనుకుని, బాయిలర్ డ్రమ్‌లో, అంటే నీళ్లూ ఆవిరీ ఉండే పీపాలో, నీటిమట్టం తగ్గినప్పుడు వచ్చే అలారం కడదాం.

ముందు సెట్‌పాయింట్, అంటే అలారం రావాల్సిన మట్టం. చాలామంది గుండ్రటి అంకె ఒకటి వేసేసి ఊరుకుంటారు. దాన్ని సమయంతో లెక్కకట్టాలి. డ్రమ్‌కి నీళ్లు పంపే ఫీడ్ పంప్ ఆగితే మట్టం నిమిషానికి 4 శాతం పడిపోతుందనుకోండి. ట్రిప్, అంటే బాయిలర్ దానంతటదే ఆగిపోయే మట్టం, 25 శాతం దగ్గర ఉంది. స్టాండ్‌బై పంప్ ఎక్కించడానికి ఆపరేటర్‌కి 2 నిమిషాలు కావాలి. అంటే అలారం 33 కన్నా పైనే ఉండాలి, 35 పెట్టండి. లెవెల్‌కి సాధారణంగా 60 సెకన్ల డిలేతో (మట్టం హద్దు దాటాక అలారం వచ్చేలోపు ఆగే సమయం) మొదలుపెట్టమని గైడ్లు చెబుతాయి. ఇక్కడ అలా పెడితే ఆ డిలేలోనే 4 శాతం పోతుంది, అలారం మోగేసరికి మట్టం 31కి వస్తుంది. కాబట్టి 5 సెకన్లు చాలు. డెడ్‌బ్యాండ్ మాత్రం 5 శాతం ఉంచి, అలారం పోయే వైపు వర్తింపజేయండి. 35 దగ్గర వచ్చిన అలారం 40 దాటాకే పోతుంది, నీటి అలలకి వస్తూ పోతూ విసిగించదు.

ఈ అంకెలన్నీ టీఐఏ పోర్టల్‌లో ప్యానెల్ కింద ఉండే హెచ్‌ఎంఐ అలారమ్స్‌లో అనలాగ్ అలారమ్స్ ట్యాబ్‌లో వెయ్యాలి. క్లాస్ ఎర్రర్స్, అంటే ఆపరేటర్ చూశానని అక్‌నాలెడ్జ్ చెయ్యాల్సిందే. వార్నింగ్స్ క్లాస్‌కి ఆ అవసరం ఉండదు. ఒక్క జాగ్రత్త: అనలాగ్ అలారాన్ని లెక్కగట్టేది ప్యానెలే. ప్యానెల్ ఆగితే అలారమూ ఆగుతుంది. అందుకే ట్రిప్‌ను, హూటర్‌ను పీఎల్‌సీలోనే రాయాలి.

పంప్ ట్రిప్ లాంటి అవును-కాదు అలారాలు డిస్క్రీట్ అలారమ్స్‌లోకి వెళ్తాయి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ట్రిగ్గర్ ట్యాగ్ (అలారాన్ని రప్పించే పీఎల్‌సీ విలువకు ప్యానెల్‌లో పెట్టిన పేరు) వర్డ్ రకంగా, అంటే రెండు బైట్లుగా ఉండాలి. సీమెన్స్ వర్డ్‌లో పెద్ద విలువ బైటు ముందొస్తుంది. కాబట్టి డీబీడబ్ల్యూ0 (డేటా బ్లాక్‌లో 0వ బైటు నుంచి మొదలయ్యే వర్డ్) ట్యాగ్‌లో ట్రిగ్గర్ బిట్ 0 అంటే డీబీఎక్స్1.0, అంటే 1వ బైటులో 0వ బిట్. డీబీఎక్స్0.0 కావాలంటే బిట్ 8 వెయ్యాలి. ఇది మరిచిపోతే పంప్ ఆగినప్పుడు ఫ్యాన్ మెసేజ్ వస్తుంది. పీఎల్‌సీలో వర్డ్‌ని స్లైస్ పద్ధతిలో బిట్ బిట్‌గా రాస్తే ఈ తికమక ఉండదు. ఇంకొకటి: ప్యానెల్ ట్యాగ్‌ని 1 సెకను సైకిల్‌తో చదువుతుంటే, ఒక్క స్కాన్ (పీఎల్‌సీ ప్రోగ్రామ్ ఒక్క చుట్టు) పాటు వెలిగి ఆరిపోయే బిట్ దాని కంట పడదు. కారణం పోయేవరకు బిట్‌ని నిలబెట్టాలి. ఏ అలారం ముందొచ్చిందో సెకనులోపే తేలాలంటే, టైమ్‌స్టాంప్ పీఎల్‌సీలోనే పడే ప్రోగ్రామ్ అలారం వాడండి.

పంప్ ఆగినప్పుడు దాని తక్కువ ఫ్లో, తక్కువ ప్రెషర్ అలారాలు వెంటబడి రాకుండా, వాటికి "పంప్ 10 సెకన్లుగా నడుస్తోంది" అన్న షరతు కలపండి.

మెసేజ్ ఇలా రాయండి: "డ్రమ్ లెవెల్ తక్కువ 34.6% – స్టాండ్‌బై ఫీడ్ పంప్ బి స్టార్ట్ చేయండి". మట్టం కొలిచే ట్రాన్స్‌మిటర్ నంబరుతో "ఎల్‌టి-101 లో" (తక్కువ) అని మాత్రమే రాస్తే రాత్రి షిఫ్టులో కొత్త ఆపరేటర్‌కి అర్థం కాదు. ఆ విలువ కోసం టెక్స్ట్‌లో ట్యాగ్ ఫీల్డ్ చొప్పించాలి. అది అలారం స్థితి మారినప్పటి విలువ, లైవ్‌గా కదలదు. కారణాలు, చూడాల్సిన వాల్వ్‌లు ఇన్ఫో టెక్స్ట్‌లోకి వెళ్తాయి.

స్క్రీన్ మీద ఎరుపు, పసుపు రంగుల్ని అలారాలకే వదిలేసి, మిగతా బొమ్మ బూడిద రంగులో ఉంచండి. అత్యధిక ప్రాధాన్యం ఉన్నవి మొత్తం అలారాల్లో 5 శాతానికి మించితే జాబితా మళ్లీ చూసుకోవాల్సిందే.

చివరికి పరీక్ష. ట్రిప్‌ని పర్మిట్‌తో బైపాస్ చేసి, ట్రాన్స్‌మిటర్ స్థానంలో లూప్ క్యాలిబ్రేటర్ (కావాల్సినంత కరెంటు సిగ్నల్ ఇచ్చే పరికరం) పెట్టండి. 4–20 మిల్లీఆంప్ స్కేల్‌లో 35 శాతం అంటే 9.6, 40 అంటే 10.4, 25 అంటే 8.0. 9.5కి దించి 5 సెకన్లు ఆగితే అలారం రావాలి, 10.3 దగ్గర ఇంకా ఉండాలి; 10.5కి పోవాలి. తర్వాత వైరు తీసెయ్యండి. పీఎల్‌సీ అనలాగ్ ఇన్‌పుట్ మాడ్యూల్‌లో వైర్ బ్రేక్ డయాగ్నస్టిక్స్ ఆన్‌లో ఉంటే విలువ గరిష్ఠ అంకె 32767కి ఎగిరి, నీళ్లు నిండిపోయినట్టు హై అలారం వస్తుంది. అది తప్పుదోవ పట్టించకుండా "లెవెల్ సిగ్నల్ తెగింది" అని వేరే మెసేజ్ పెట్టి, ఆ సమయంలో హై, లో అలారాల్ని అణచాలి. వైరు బిగించి, బైపాస్ తీసేశారో లేదో ఇంకొకరితో చూపించుకుని పర్మిట్ మూయండి.