పార్లర్ పని నేర్చుకుందాం – 4వ పాఠం: చెవి వెనక చుక్క

పోయిన పాఠంలో తలస్నానం చేయించడం, టవల్ చుట్టడం అయ్యాయి. ఇప్పుడు రంగు. బ్రష్, బౌల్ ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు వాటిని కాస్త పక్కన పెట్టండి. ఈ వారం తలకి రంగు వెయ్యం. వేసే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. చాలా పార్లర్లలో దాన్ని ఎగ్గొట్టేస్తారు. నేనూ మొదట్లో ఎగ్గొట్టినదాన్నే.

నల్ల డైలలో చాలావాటిలో పారాఫినైలీన్‌డయమిన్ అనే రసాయనం ఉంటుంది. మనం పీపీడీ అంటాం. కొందరికి అది పడదు. మాడంతా దురద, కనురెప్పల వాపు, చెవుల వెంబడి రసి కారడం, ఒక్కోసారి ముఖమంతా ఉబ్బిపోవడం. డబ్బా మీద 'అమ్మోనియా లేదు' అని చూసి ధైర్యపడకండి. అమ్మోనియా వేరు, పీపీడీ వేరు. 'నల్ల హెన్నా' పొడి కూడా నమ్మదగ్గది కాదు. గోరింటాకు ఎర్రగా పండుతుందే తప్ప నల్లగా పండదు. నల్లగా వచ్చిందంటే అందులో నీలి ఆకు పొడి అయినా ఉండాలి, రసాయనమైనా ఉండాలి.

అందుకే ముందు చుక్క పెట్టి చూడాలి. కస్టమర్ చెవి వెనక గానీ, ముంజేతి లోపలివైపు గానీ సబ్బుతో కడిగి, తుడిచి ఆరనివ్వండి. గ్లవ్స్ వేసుకుని, ఆమెకి వెయ్యబోయే రంగునే డబ్బాలోని కాగితం చెప్పినట్టు కలిపి, కందిగింజంత అద్దండి. వేరే కంపెనీది అద్ది చూస్తే లాభం లేదు. ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు కడగాలో ఆ కాగితంలోనే ఉంటుంది. కొన్ని 24 గంటలు ఆగమంటాయి, కొన్ని 48. నేను 48 ఆగుతాను. ఈ ఎలర్జీ నిదానంగా బయటపడే రకం, మర్నాటికి కూడా కనిపించకపోవచ్చు. దురద, మంట, ఎర్రదనం, పొక్కులు, వీటిలో ఏది వచ్చినా ఆ రంగు ఆమెకి వద్దు.

అద్దడం రెండు నిమిషాల పని. కష్టమల్లా కస్టమర్‌కి చెప్పడంలోనే. "పదేళ్ళుగా వేసుకుంటున్నా, నాకేం కాలేదు" అంటారు. నా మొదటి ఏడాది ఒకావిడ సరిగ్గా ఆ మాటే అంది. పెళ్ళికి వెళ్ళే తొందరలో ఉంది, నాకేమో ఆవిడ ఎక్కడ వెళ్ళిపోతుందోనని టెన్షన్. వేసేశాను. మూడోరోజు వాళ్ళ అబ్బాయి ఫోన్ చేశాడు: అమ్మ కళ్ళు తెరవలేకపోతోందని. పదేళ్ళు పడిన రంగు పదకొండో ఏట పడకపోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టకముందే అడగండి. ఇంతకుముందు డైతో గానీ, నల్ల మెహందీ కోన్‌తో గానీ దురద వచ్చిందా? మాడు మీద పుండ్లు, గాట్లు ఉన్నాయా? డైతో గానీ, మెహందీతో గానీ దురద, బొబ్బలు వచ్చాయంటే చుక్క కూడా పెట్టకండి, చర్మ డాక్టర్‌ని కలవమనండి. ఇవేవీ లేవంటే ఇలా చెప్పొచ్చు: "అక్కా, ఈరోజు చుక్క పెడతాను, దానికి డబ్బులు వద్దు. ఎల్లుండి ఇదే టైముకి రండి, సీటు ఉంచుతాను." ఎల్లుండి అని కచ్చితంగా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. అన్నట్టు, 'ఆంటీ' అని మాత్రం పిలవకండి. అక్కా, మేడమ్, ఏదో ఒకటి. ఆ ఒక్క మాటకి వేరే పార్లర్ చూసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

"కనుబొమలకి కూడా కాస్త అద్దమ్మా" అని తప్పకుండా అడుగుతారు. కుదరదని చెప్పండి. మన దేశంలో ఇలాంటి డైల డబ్బా మీద, కనుబొమలకి, కనురెప్పల వెంట్రుకలకి వాడితే చూపు పోయే ప్రమాదం ఉందన్న హెచ్చరిక ఉండాలి. మీ మాట వినకపోతే ఆ అక్షరాలే చూపించండి.

ఇంత చేసినా ఎప్పుడైనా మంట అంటే, టైము కాలేదని ఆగకుండా వెంటనే బాగా నీళ్ళతో కడిగెయ్యండి. ఊపిరి ఆడకపోతే, పెదాలు ఉబ్బితే నేరుగా ఆసుపత్రికే.

ఈ వారం ఇంటిపని: ఒక నోట్‌బుక్‌లో గళ్ళు గీయండి. తేదీ, పేరు, కంపెనీ, షేడ్ నంబరు, చుక్క ఎక్కడ పెట్టారు, ఏమైంది. తర్వాత ఇంట్లో ఎవరినైనా కస్టమర్‌గా నిలబెట్టి, "ఎల్లుండి రండి" అని విసుక్కోకుండా పదిసార్లు చెప్పి చూడండి. వచ్చే పాఠంలో జుట్టు నాలుగు పాయలు తీసి బ్రష్ పడదాం.